సవరణ: ముందు వచ్చింది లండన్ పాట

ఇథియోపియా కరువు బాధితుల సాయానికి స్టార్లు కలిసి పాడిన పాటల మీద నిన్నటి పోస్టులో అమెరికా వాళ్ళ ‘వీ ఆర్ ద వరల్డ్’ మొట్టమొదటిదని, దాన్ని మైకేల్ జాక్సన్ ఒక్కడే రాశాడని, లైవ్ ఎయిడ్ కూడా ఒక పాటేనని ఉంది కదా, మొదటిది అది కాదండీ, దానికంటే ముందే లండన్‌లో గాయకులు బాబ్ గెల్డాఫ్, మిడ్జ్ యూర్ కలిసి రాసిన బ్యాండ్ ఎయిడ్ (ఇందుకోసమే కూడిన స్టార్ల బృందం) పాట ‘డూ దే నో ఇట్స్ క్రిస్మస్?’ వచ్చేసింది, 1984 నవంబర్ 25న నాటింగ్ హిల్‌లో ఒక స్టూడియోలో స్టార్లందరితో ఒక్క రోజులో పాడించేశారు, గాయకుడు బాయ్ జార్జ్ అయితే న్యూయార్క్‌లో నిద్రపోతుంటే ఫోన్ చేసి లేపి కాంకార్డ్ అనే సూపర్‌సానిక్ విమానం ఎక్కించారు, దిగేసరికి సాయంత్రం.

అమెరికా వాళ్ళది 1985 జనవరి 28 రాత్రి, చాలామంది అవార్డుల ఫంక్షన్ నుంచి అటు నుంచి అటే వచ్చేశారు. ఈగోలు గుమ్మం బయటే వదిలి రండని నిర్మాత క్విన్సీ జోన్స్ బోర్డు పెట్టించాడు, అంతమంది ఒక గదిలో ఉంటే మరి తప్పదు! రాసింది కూడా మైకేల్ జాక్సన్ ఒక్కడే కాదు, గాయకుడు లయనెల్ రిచీ కూడా ఉన్నాడు. ఇక లైవ్ ఎయిడ్ అసలు పాటే కాదు, ఆ ఏడాది జులై 13న జరిగిన కచేరీ.