రౌటర్ రాజధాని

మాది విజయవాడ. రాజధాని గురించి మాట్లాడే హక్కు మా ఊరివాళ్ళకు నీళ్ళ పన్ను రసీదుతో పాటు వస్తుంది. ఆ హక్కుతోనే మా ఇంటి సమస్యను ప్రజల ముందు పెడుతున్నాను.

ఇంటికి వైఫై రౌటర్ పెట్టించుకోవడం సాంకేతిక విషయమని చాలామంది పొరబడుతున్నారు. కొనడం వరకు సాంకేతికమే, దానికి ఓ పూట చాలు. కొన్నదాన్ని ఏ గదిలో పెట్టాలన్నది మాత్రం రాజ్యాంగ సమస్య. వైఫైకి తొలి ప్రమాణం 1997లో వచ్చింది. ఆంధ్రులు అంతకు సరిగ్గా అరవై ఏళ్ళ ముందే ఈ చర్చ మొదలుపెట్టారు. 1937లో మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో కూర్చుని పెద్దలు రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో ఓ ముఖ్యమైన మాట ఏమిటంటే, రాజధాని ఒక ప్రాంతానికిస్తే హైకోర్టు మరో ప్రాంతానికివ్వాలి. టీవీ ఎలాగూ హాల్లో ఉంది గనక రౌటర్ తన గదికే రావాలని ఇంటర్ చదివే మా అమ్మాయి వాదన. ఆ పిల్ల శ్రీబాగ్ పేరు వినలేదు. రక్తంలో ఉంది, అంతే.

అసలు సంగతి 2020 లాక్‌డౌన్‌లో మొదలైంది. ఫైబర్ కనెక్షన్ కోసం వచ్చిన కుర్రాడు మాస్కు కిందికి లాగి, "వైరు ఇంతవరకే వచ్చింది సార్. తాత్కాలికంగా ఇక్కడ పెట్టేస్తున్నా, రెండ్రోజుల్లో వచ్చి లోపలికి మార్చేస్తా" అని గుమ్మం పక్కనున్న చెప్పుల స్టాండు మీద పెట్టె పెట్టి వెళ్ళిపోయాడు. తాత్కాలికం అన్న మాటకు మా వైపు ఎంత ఆయుష్షుందో బయటివాళ్ళకు తెలియదు. నది దాటి వెళ్తే వెలగపూడిలో 2016లో కట్టిన తాత్కాలిక సచివాలయం కనిపిస్తుంది. అది ఇప్పటికి మూడు ప్రభుత్వాలను చూసింది. మా చెప్పుల స్టాండు మూడు జతల హవాయి చెప్పుల్ని చూసింది.

ఆ పెట్టె రెండు పనులు చేస్తుంది. గాజు తీగలో వచ్చే వెలుతురును కరెంటు సంకేతంగా మార్చడం ఒకటి, దాన్ని వైఫైగా ఇల్లంతా పంచడం రెండోది. మొదటి పని బాగానే చేసేది. రెండో పని దగ్గరికొచ్చేసరికి చెప్పులకు దండిగా, మెట్లకు ధారాళంగా, మాకు మాత్రం మిగిలితే ఇచ్చేది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అన్నారు. చేశాం. నాలుగేళ్ళు చేశాం.

చివరికి మా బావమరిది రంగంలోకి దిగాడు. ప్రతి తెలుగింట్లోనూ ఎలక్ట్రానిక్స్ శాఖ బావమరిది దగ్గరే ఉంటుంది, దానికి ఎన్నికలుండవు. "బావగారూ, మీకు కావాల్సింది ఏఎక్స్ 3000 రౌటర్" అని ఆరు యాంటెన్నాలున్న నల్లటి వస్తువొకటి తెచ్చాడు. బోర్లాపడిన సాలెపురుగులా ఉంది. ఈ 3000 ఎక్కణ్ణుంచి వచ్చిందని నేను ఓ రాత్రి కూర్చుని తేల్చాను. ఒక బ్యాండ్, అంటే ఒక రేడియో దారి మీద సెకనుకు 574 మెగాబిట్లు (ఎంబీపీఎస్), ఇంకో బ్యాండ్ మీద 2402. రెండూ కూడితే 2976. మిగతా 24 కంపెనీవాళ్ళు చదివించిన కట్నం. పైగా మామూలు ఫోను ఒకసారికి ఈ రెండు బ్యాండ్లలో ఒక్కదాన్నే పట్టుకుంటుంది, 3000 తాగదు. అన్నిటికంటే ముఖ్యంగా, మేం డబ్బు కడుతున్నది 100 ఎంబీపీఎస్ ప్లానుకు. అంటే ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఊడదీసుకొచ్చి మా మేడ మీద ట్యాంకు కుళాయికి బిగించాడన్నమాట.

ఆ 100 కూడా కొబ్బరికాయను పీచుతో తూచినట్టు చెప్పే లెక్క. అవి బిట్లు. మన సినిమాలూ ఫోటోలూ ఉండేది బైట్లలో, బైటుకు ఎనిమిది బిట్లు. పీచు తీస్తే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు మిగులుతాయి. అదీ చెప్పుల స్టాండు దగ్గర నిలబడితే.

కొత్త పెట్టె వచ్చింది, ఇక ఎక్కడ పెట్టాలి? ఇలాంటప్పుడు బాధ్యత గల ప్రభుత్వాలు ఏం చేస్తాయో నేనూ అదే చేశాను. కమిటీ వేశాను. ఏకసభ్య కమిటీ, సభ్యుణ్ణి నేనే. ఫోను పట్టుకుని గదిగదికీ తిరిగి స్పీడు కొలిచాను. చెప్పుల స్టాండు దగ్గర 94, మెట్ల మీద 88, హాల్లో 41, వంటింట్లో 12, వర్క్ ఫ్రమ్ హోమ్ అబ్బాయి గదిలో 6, మా పడగ్గదిలో 2.3. ఈ చివరి అంకె చూసి నిరాశ పడకూడదు. కనీసం 2 ఎంబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండే అని కేంద్రం 2023లో నిర్వచించింది. అంతకుముందు 512 కేబీపీఎస్, అంటే దాదాపు అర ఎంబీపీఎస్ చాలేది. కనుక మా పడగ్గది చట్టప్రకారం బ్రాడ్‌బ్యాండ్ అందిన ప్రాంతం. అక్కడ వీడియో తిరుగుతూ ఆగిపోయిందని ఫిర్యాదు చేస్తే అది అభివృద్ధి నిరోధకుల మాట కింద లెక్క.

కారణాలు కూడా కమిటీ పరిశీలించింది. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ పల్లెవెలుగు బస్సు లాంటిది, నిదానంగా వెళ్తుంది కానీ ఏ సందులోకైనా దూరుతుంది. 5 గిగాహెర్ట్జ్ గరుడ, హైవే మీద దాన్ని ఆపేవాడు లేడు, ఊళ్ళోకి తిరగమంటే తిరగదు. గుమ్మానికీ మా పడగ్గదికీ నడుమ రెండు ఇటుక గోడలు, ఒక కాంక్రీటు స్తంభం, మా పెళ్ళికి అత్తగారిచ్చిన ఇనప బీరువా ఉన్నాయి. ఇనుము ఏ బస్సునైనా వెనక్కి తిప్పి పంపిస్తుంది. అత్తవారి తరఫు సామాను మీద అంతకుమించి వ్యాఖ్యానించదలుచుకోలేదని కమిటీ వినయంగా రాసుకుంది. వంటింటి సంగతి వేరు. మైక్రోవేవ్ ఒవెన్ పనిచేసేది దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే పల్లెవెలుగు తిరిగే రోడ్డు మీదే. ఒవెన్‌లో అప్పడం వేగుతున్నంతసేపు మా ఆవిడ సీరియల్‌లో అత్త చెయ్యెత్తి అలాగే ఉండిపోతుంది. అప్పడం అయ్యాకే కోడలికి చెంపదెబ్బ.

అన్నీ చూసి కమిటీ సిఫారసు చేసిందేమంటే, రౌటర్‌ను ఇంటి నడిమధ్య, తలకంటే ఎత్తున, చుట్టూ ఏమీ అడ్డం లేకుండా, ఇనుముకూ ఒవెన్‌కూ దూరంగా పెట్టాలి. నాలుగు పేజీల నివేదిక. దాని గతి చెప్పక్కర్లేదు. రాజధాని ఎక్కడుండాలో చూడమంటే 2014లో శివరామకృష్ణన్ కమిటీ జిల్లాలు తిరిగి ఇచ్చిన నివేదికకు పట్టిన గతే పట్టింది. కాకపోతే అది ఢిల్లీలో ఏ ఫైళ్ళ మధ్యనో భద్రంగా ఉండి ఉంటుంది, నాది పప్పుల డబ్బాల కింద ఉంది.

అడ్డుపడింది మా నాన్నగారు. ఆయన రెవెన్యూ శాఖలో రిటైరయ్యారు కాబట్టి ఏ స్థలం మీదైనా అభ్యంతరం చెప్పగలరు. "ఇంటి నడిమధ్య బ్రహ్మస్థానంరా. అక్కడ బరువు పెట్టకూడదు" అన్నారు. మూడు వందల గ్రాములు నాన్నా అన్నాను. "బ్రహ్మకు తూకాలుండవు" అన్నారు. మరి ఎక్కడ పెట్టమంటారంటే, వైఫై గాల్లో పోయేది గనక వాయువు మూల, వాయవ్యం శ్రేష్ఠమన్నారు. మా ఫ్లాటులో వాయవ్యాన బాత్రూముంది. పోనీ కరెంటుతో నడిచేది గనక అగ్ని మూల, ఆగ్నేయం అనుకుంటే అక్కడ వంటిల్లు, వంటింట్లో ఒవెన్. ఈశాన్యంలో దేవుడు, ఆయనకు అంతకుముందే దీపం కనెక్షన్ ఉంది. నైరుతిలో మా పడగ్గది, బీరువా. శాస్త్రానికీ భౌతికశాస్త్రానికీ ఇంత పకడ్బందీగా పడకుండా మా బిల్డరు ఎలా కట్టాడో ఇప్పటికీ ఆశ్చర్యమే.

హాల్లో గోడవారన ఉన్న షోకేసు మధ్యేమార్గంగా తోచింది. అందులో పై అర ఇమ్మని మా ఆవిణ్ణి అడిగాను. కొండపల్లి బొమ్మలు తీసి ఇస్తే, వెనక ప్లగ్గు పెట్టించి, లైటు బిగించి, అద్దం మార్పించి, అభివృద్ధి చేసిన అరలో సగం తిరిగిస్తానని మాటిచ్చాను. అమరావతి రైతుల దగ్గర భూములు తీసుకున్న ల్యాండ్ పూలింగ్ అంటే అంతేగా. ఆవిడ నమ్మి ఇచ్చేసింది. బొమ్మలు అట్టపెట్టెలోకి వెళ్ళాయి. ఏనుగు అంబారీ ఒక్కటే ముందే తొండం విరిగి ఉంది, దానికి పరిహారం అడగలేదు. ఇప్పటికీ ఎవరింటికొచ్చినా ఆవిడ ఖాళీ అర చూపించి, "ఏదండీ, అభివృద్ధి చేసింది ఇస్తానన్నారే?" అని వాళ్ళ ముందే అడుగుతుంది. నేను అభివృద్ధి దశలవారీగా జరుగుతుందని చెబుతున్నాను.

ఈలోగా పిల్లలు అడ్డం తిరిగారు. హాల్లో పెడితే తన గదికి అన్యాయమని అమ్మాయి. ఇంటి ఆదాయంలో సింహభాగం తన గది నుంచే వస్తోందని అబ్బాయి. సరిగ్గా అప్పుడే బావమరిది మళ్ళీ ఫోన్ చేశాడు. "మెష్ పెట్టించండి బావగారూ. మూడు పెట్టెలు. ఒకటి హాల్లో, ఒకటి వాడి గదిలో, ఒకటి మీ గదిలో. వికేంద్రీకరణ!"

మూడు అనగానే ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది.

నేను ఏ పక్షమూ కాదు గనక సాంకేతికంగానే చూశాను. మూడు పెట్టెలున్నా తీగ వచ్చి తగిలేది ఒక్కదానికే, అసలు రాజధాని అదే. తక్కిన రెండూ గాల్లో దాని మాట విని కిందికి చేరవేస్తాయి. వినడానికీ చెప్పడానికీ ఒకే బ్యాండ్ అయితే, విన్నంతసేపు చెప్పలేవు, చెప్పినంతసేపు వినలేవు. దాంతో మధ్యవర్తి దగ్గర ఇంచుమించు సగం పోతుంది. మంజూరైంది వందైతే లబ్ధిదారుకు యాభై. ఇందులో కొత్తేముందని మా నాన్నగారు అడిగారు, ఆయన ముప్పై ఏళ్ళు ఆ శాఖలోనే పనిచేశారు. మూడింటికీ గోడల్లోంచి వైరు లాగితే ఈ నష్టం ఉండదు. ఎలక్ట్రీషియన్ వచ్చి పైపులు చూసి, "పాత వైర్లతో నిండిపోయాయండీ, గోడ కొట్టాల్సిందే" అన్నాడు. ఆ డబ్బుతో టిల్టింగ్ గ్రైండర్ వస్తుందని మా ఆవిడ అంది. ఆర్డరు పెట్టాం, మర్నాడు రద్దు చేశాం. పెట్టినందుకు అబ్బాయి, రద్దు చేసినందుకు అమ్మాయి స్వీట్లు పంచారు. ఈ రాష్ట్రంలో ఇలాంటివి మామూలే.

చివరికి షోకేసే ఖాయం చేసి, ఫైబర్ వైరు లోపలికి లాగమని కంపెనీకి ఫోన్ చేశాం. నాన్నగారు ముహూర్తం పెట్టారు, కొబ్బరికాయ కొట్టాం. 2020లో కొట్టాం కదా అంటే, శంకుస్థాపన ఒకే చోట రెండోసారి చేయకూడదని ఎక్కడుందన్నారు. ఈసారి వచ్చింది వేరే కుర్రాడు. వైరు చేత్తో కొలిచి చూశాడు. "ఇది గాజు సార్, మూల దగ్గర మడిచేస్తే లైటు బయటికి పోతుంది. గుండ్రంగా తిప్పాలి. తిప్పితే రెండు మీటర్లు తక్కువవుతుంది. కొత్త డ్రమ్ము రావాలి." మరి ఇప్పుడు? కుర్రాడు ఇటూ అటూ చూశాడు. "తాత్కాలికంగా ఇక్కడ..."

ఆరు యాంటెన్నాల ఏఎక్స్ 3000 ఇప్పుడు చెప్పుల స్టాండు మీద ఉంది, పాత పెట్టె పక్కన, ఒక చిన్న పసుపు వైరుతో దానికి కట్టేసి.

పేరు పెట్టే కార్యక్రమం మాత్రం సజావుగా జరిగింది. బ్రౌజర్‌లో 192.168తో మొదలయ్యే చిరునామా కొట్టి రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళాం. వైఫైకి తెలుగులో 'శ్రీ వేంకటేశ్వర నిలయం' అని పెట్టమన్నారు నాన్నగారు. తీసుకోలేదు. పేరుకు 32 బైట్లే హద్దు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో హల్లుకూ గుడికీ సున్నకూ పొల్లుకూ విడివిడిగా మూడేసి. ఏడుకొండలవాడి పేరు 59కి పోయింది. చివరికి 'శ్రీనివాసం' అని కుదించాం, సరిగ్గా 30. స్వామి రెండు బైట్లు మిగిల్చాడని నాన్నగారు సంతోషించారు. పాస్‌వర్డ్ ఎనిమిదికి తగ్గకూడదంటే, తనకు గుర్తుండేలా ఇంగ్లీషు అక్షరాల్లో గోవింద గోవింద అని పెట్టించారు. రోజూ ఉదయం ఆరింటికి ఆయన మా పాస్‌వర్డును గుమ్మం దగ్గర నిలబడి గట్టిగా మూడుసార్లు చదువుతారు. ఎదురింటి మామ్మగారి మనవడికి ఎలా తెలిసిందని విచారణ జరపాల్సిన అవసరం కమిటీకి కనిపించలేదు.

ఇప్పుడు మా ఇంట్లో అందరూ రాజధాని దగ్గరికే వలస వచ్చేశారు. అబ్బాయి ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని గుమ్మం లోపల, ఆఫీసు మీటింగుకు షర్టు, కింద లుంగీ. అమ్మాయి గడప మీద క్లాసు వింటుంది. మా ఆవిడ స్టూలు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ సీరియల్, ఇప్పుడు చెంపదెబ్బ వేళకే పడుతోంది. నాన్నగారు వరండాలో పడక్కుర్చీ మీద, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్ళు మూసుకుని ప్రవచనం.

మొన్న సాయంత్రం ఎదురింటి మామ్మగారు గుడి నుంచి వస్తూ మెట్ల మీద ఆగిపోయారు. అందరం గుమ్మం బయటా లోపలా తలొంచుకుని కూర్చుని ఉన్నాం. ఆవిడ చేతిలో కొబ్బరిచిప్ప కింద పెట్టి, మా ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా అడిగారు.

"అయ్యో, ఎప్పట్నుంచమ్మా? పెద్దాయనకు ఎలా ఉంది?"

నాన్నగారు ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, కళ్ళు తెరిచి, "ఫుల్లుగా ఉందమ్మా" అన్నారు. "మీవాడికీ బాగానే వస్తోందా?"