కింది మాట పైకి చేరేదెలా?

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో రన్‌వే మీద రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఒక ఫ్లైట్ ఇంజినీర్ అనుమానపడ్డాడు. సీనియర్ కెప్టెన్ ఆ మాట కొట్టిపారేశాడు. పొగమంచు, రేడియో మాటల్లో గందరగోళం కూడా కారణాలే. అయినా ఆ తర్వాత కాక్‌పిట్ శిక్షణ తీరే మారింది. జూనియర్ అనుమానం బయటికి చెప్పాలి, కెప్టెన్ వినాలి. ఈ పద్ధతి చాలా ఎయిర్‌లైన్స్‌లో సీఈవో గది దాకా రాలేదన్నదే మా బాధ.

అమెరికా ఎయిర్‌లైన్ సౌత్‌వెస్ట్‌నే చూడండి. 2022 డిసెంబరులో అమెరికాను మంచు తుపాను ముంచెత్తినప్పుడు మిగతా సంస్థలు త్వరగానే తేరుకున్నాయి. సౌత్‌వెస్ట్ మాత్రం 16 వేలకు పైగా విమానాలు రద్దు చేసింది. సిబ్బందికి డ్యూటీలు వేసే పాత సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసింది. ఏ పైలట్ ఏ ఊళ్లో ఉన్నాడో ఆఫీసుకే తెలియలేదు. తామెక్కడ ఉన్నామో చెప్పుకోవడానికి సిబ్బంది గంటల తరబడి ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. ఆ వ్యవస్థ ఎప్పుడో ఒకప్పుడు కుప్పకూలుతుందని యూనియన్లు ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నాయి. ఇదే సంస్థను ఒకప్పుడు నడిపిన హెర్బ్ కెలహర్‌కు, 1994లో ఉద్యోగులే డబ్బులు వేసుకుని పత్రికలో పూర్తి పేజీ ప్రకటనతో కృతజ్ఞతలు చెప్పారు. తమ అందరి పేర్లూ గుర్తుపెట్టుకున్నందుకు, పండగ పూట సామాన్లు ఎక్కించడంలో సాయం పట్టినందుకు. మంచి పేరు వారసత్వంగా వస్తుంది కానీ, వినే అలవాటు అలా రాదు.

నిరాడంబరత ఒక్కటే సరిపోతుందనీ మేం అనడం లేదు. జపాన్ ఎయిర్‌లైన్స్ అధిపతిగా హరుకా నిషిమట్సు బస్సులో ఆఫీసుకు వెళ్లేవారు, జీతం పైలట్ల కంటే తక్కువకు తగ్గించుకున్నారు. అయినా 2010 జనవరిలో సంస్థ దివాలా తీసింది. తర్వాత వచ్చిన కజువో ఇనమోరి 78 ఏళ్ల వయసులో జీతం లేకుండా పనిచేశారు. 2012 సెప్టెంబరుకల్లా సంస్థ తిరిగి స్టాక్ మార్కెట్‌కెక్కింది. అందుకు వేల ఉద్యోగాలు బలయ్యాయి, తొలగించినవారిలో కొందరు కోర్టుకెళ్లారు. ఆ నొప్పిని ఎవరూ చిన్నది చేయకూడదు.

కానీ కష్టకాలంలో నాయకుడు తనకొక న్యాయం, సిబ్బందికొక న్యాయం అంటే ఏమవుతుందో 2003లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ చూపించింది. దివాలా తప్పించడానికి యూనియన్లు ఏటా దాదాపు 162 కోట్ల డాలర్ల కోతకు ఒప్పుకున్నాయి. అదే సమయంలో పై అధికారుల బోనస్‌లకు, పింఛన్ల రక్షణకు ఏర్పాట్లు చేసుకున్నారని బయటపడింది. సిబ్బంది భగ్గుమన్నారు. సీఈవో డాన్ కార్టీ ఏప్రిల్‌లోనే తప్పుకోవాల్సి వచ్చింది.

ఆస్ట్రేలియాలో క్వాంటాస్ ఎయిర్‌లైన్స్ 2020లో 1,800 మందికి పైగా గ్రౌండ్ సిబ్బంది పనిని బయటివాళ్లకు అప్పగించింది. అది చట్టవిరుద్ధమని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు 2023లో తేల్చింది. 2025లో 9 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది.

అందుకే మేం ఎయిర్‌లైన్స్ బోర్డులను అడిగేది రెండే. జీతాల కోతకు యూనియన్ సంతకం పెట్టకముందే పైవాళ్ల బోనస్‌లు, పింఛన్ ఏర్పాట్లు బల్ల మీద పెట్టండి. సీఈవో బోనస్ లెక్కగట్టేటప్పుడు లాభాలతో పాటు, సిబ్బంది రాసి ఇచ్చిన హెచ్చరికల్లో ఎన్నిటికి జవాబు వెళ్లిందో కూడా చూడండి.