2/3 అని రాసేముందు ఒక్కసారి పోలరైజర్ తిప్పి చూడండి

నిన్న ఒక జూనియర్ తన థీసిస్ చాప్టర్ చదవమని పంపింది. రెండు ప్రొటీన్ల మధ్య దూరం ఫ్రెట్‌తో (రెండు రంగు అణువుల మధ్య శక్తి బదిలీ చూసే పద్ధతి) కొలిచి 5.2 నానోమీటర్లని తేల్చింది. పద్ధతి దగ్గర ఒకటే వాక్యం: "కప్పా స్క్వేర్ 2/3గా తీసుకున్నాం." రెండు అణువులూ ఎటు తిరిగి ఉన్నాయో లెక్కలోకి తెచ్చే అంకె అది. ఎందుకు తీసుకున్నారో లేదు. తప్పు ఆ అమ్మాయిది కాదు, మనం నేర్పిందే రాసింది. నా కోపమంతా నేర్పిన మన మీదే.

ఫ్రెట్‌లో డోనర్ అణువు తాను పీల్చుకున్న వెలుగుని బయటికి వదలకుండా పక్కనున్న యాక్సెప్టర్‌కి అప్పగిస్తుంది. మధ్యలో ఫోటాన్ ప్రయాణించదు. దూరం ఫోర్‌స్టర్ దూరానికి సమానమైతే సగం శక్తి చేరుతుంది, దానికి రెట్టింపైతే నూటికి 1.5 వంతు మాత్రమే. 1967లో స్ట్రయర్, హాగ్‌లండ్ ప్రోలీన్ గొలుసు రెండు చివర్లా రెండు రంగులు తగిలించి, గొలుసు పొడవు మారుస్తూ బదిలీ వేగం దూరం ఆరో ఘాతం చొప్పున పడిపోతుందన్నది నిజమేనని చూపించారు. అప్పటినుంచి అందరం దీన్ని స్కేలులాగే వాడుతున్నాం.

కానీ ఈ స్కేలుకి దూరంతోపాటు దిక్కు కూడా కావాలి. రెండు అణువులూ ఎటు తిరిగి ఉన్నాయన్నదాన్ని బట్టి కప్పా స్క్వేర్ 0 నుంచి 4 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 2/3 అనేది శక్తి చేతులు మారేలోపే రెండూ ఇష్టమొచ్చినట్టు గిరగిరా తిరిగితేనే. చిన్న రంగు అణువు వదులుగా వేలాడుతుంటే సరే. కానీ జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రొటీన్) లాంటి పెద్ద ప్రొటీన్ వెలిగి ఆరిపోవడానికి రెండు మూడు నానోసెకన్లు చాలు, అది ఒళ్లు తిప్పుకోవడానికి పదిహేను, ఇరవై పడుతుంది. ఇంక 2/3 ఎక్కడిది? ఆరో మూలం తీస్తాం కాబట్టి తేడా చిన్నదేనంటారు. అసలు విలువ 4 అయితే మనం 5 అనుకున్న దూరం 6.7 అవుతుంది. సున్నా వైపు వెళితే అణువులు పక్కపక్కనే ఉన్నా ఫ్రెట్ కనబడదు.

ఇది పుస్తకంలో కన్నా బల్ల మీదే బాగా అర్థమవుతుంది. గ్లిసరాల్‌లో ఫ్లోరెసీన్ (పచ్చగా వెలిగే రంగు) చాలా పలుచగా కలిపి, పోలరైజ్ చేసిన, అంటే ఒకే దిక్కులో కంపించే, నీలి వెలుగు వేసి, ఎదురుగా పోలరైజర్ తిప్పండి. ఆ పచ్చదనం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అదే ఫ్లోరెసీన్‌ని చిక్కగా కలిపి, రెండు స్లైడుల మధ్య పల్చటి పొరగా పరిచి మళ్లీ తిప్పండి. తేడా దాదాపు మాయం! రంగు అదే, గ్లిసరాల్ అంతే చిక్కన, అణువులు తిరిగింది లేదు. శక్తి ఒకే రకం అణువుల మధ్య చేతులు మారి, మొదటి దిక్కుని మరిచిపోయింది. హోమో ఫ్రెట్ అంటే ఇదే. దీన్ని రంగులో పట్టుకోలేం, పోలరైజేషన్‌లోనే పట్టుకోవాలి. మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు ఆ నాబ్ వదల్లేదు.

ఇక లేజర్ పవర్. మామూలుగా శక్తి బదిలీ శాతం వెలుగు తీవ్రతని బట్టి మారదు. కానీ బొమ్మ బాగా రావాలని పవర్ పెంచేస్తాం. అప్పుడు యాక్సెప్టర్ అప్పటికే వెలిగి ఉంటే కొత్త శక్తిని తీసుకోలేదు. ఇంకా పెంచితే అది మాడిపోతుంది, డోనర్ ఒక్కసారిగా ప్రకాశిస్తుంది. పీహెచ్‌డీ రోజుల్లో నేను ఇదే చూసి ప్రొటీన్ తెరుచుకుందని మూడు వారాలు నమ్మాను. యాక్సెప్టర్ ఒక్కటే ఉన్న కణాలపై అదే పవర్ వేసి చూశాక తెలిసింది, తెరుచుకున్నదేమీ లేదు, పసుపు రంగు యాక్సెప్టర్ చచ్చిపోయిందంతే. పవర్ పదో వంతుకి దించగానే ఆ "మార్పు" పోయింది.

అందుకే ఆ చాప్టర్‌కి నేను రాసి పంపిన కామెంట్లు ఇవి. డోనర్, యాక్సెప్టర్ రెండింటి అనైసోట్రోపీ (వచ్చే వెలుగు మొదటి దిక్కుని ఎంత నిలుపుకుందో చెప్పే కొలత) విడివిడిగా కొలిచి పెట్టు. పెద్ద ఎన్‌ఏ ఉన్న, అంటే వెడల్పు కోణంలో వెలుగు పోగుచేసే, మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్ తానే పోలరైజేషన్‌ని కలిపేస్తుంది, దానికి సరిచేయడం మరిచిపోకు. శాంపిల్ దగ్గర పవర్ ఎంతో రాయి, సగం పవర్‌లో కూడా అదే అంకె వస్తుందో లేదో చూడు. అంతవరకూ 5.2 బదులు ఇంత నుంచి ఇంత అని రాయి. గైడ్ ఏమంటారోనని టెన్షన్ పడుతోంది. కావాలంటే నేనే ఆయనతో మాట్లాడతానన్నాను.