మనసుంటే చాలదండీ
"సేవ చేయాలన్న మనసుంటే చాలు, యుద్ధప్రాంతంలో ఎమర్జెన్సీ ఆఫీసర్‌గా ఎవరైనా పనికొస్తారు" అని, యుద్ధంలో చిక్కుకున్నవాళ్లకు తిండి, నీళ్లు, గూడు అందేలా చూసే ఈ ఉద్యోగం గురించి వచ్చిన వ్యాసంలో రాసినారు. నేనైతే ఒప్పుకోను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడు మాకూ మనసు బోలెడుండింది. అన్నం పొట్లాలు ట్రాలీ ఆటోలో వేసుకొని పోయినాం. పేర్ల పట్టీ లేదు, వరస లేదు. సందు మొదట్లో నిలబడిన కుర్రోళ్లు నాలుగేసి లాక్కున్నారు. వెనక బురదలో చెప్పులు పోగొట్టుకొని నిలబడిన ముసలమ్మకు ఒక్కటీ అందలేదు. తిట్టను కూడా తిట్టలేదు ఆమె, ఖాళీ ఆటో వైపు చూసి వెనక్కి తిరిగింది. అది వరద, తుపాకులు లేవు. దక్షిణ సూడాన్ లాంటి చోట పంపిణీ జాబితాలో ఒక తెగ పేర్లు తప్పిపోతే గొడవ అక్కడికక్కడే రాజుకుంటుంది. మా పెద్దమ్మ కొడుకు అక్కడ ఐక్యరాజ్యసమితి వాలంటీరుగా చేసొచ్చినాడు (జీతం కాదు, బతకడానికి భత్యం ఇస్తారు, ఊర్లో మాత్రం డాలర్లు మూటగట్టుకొచ్చినాడని పుకారు). వాడు మాట్లాడితే అన్నీ సహాయ శిబిరాల లెక్కలే: మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, ఆడవాళ్ల మరుగుదొడ్డికి లోపలి వైపు గడియ, దారిలో దీపం. గడియ లేదంటే, రాత్రి అక్కడికి పోవాల్సి వస్తుందేమోనన్న భయంతో సాయంత్రం నుంచే ఆడోళ్లు నీళ్లు తాగడం మానేస్తారంట. ఇంత పొడుగు వ్యాసంలో ఆ గడియ సంగతి ఎక్కడా లేదు.