శిక్షణ కావాల్సింది ఆడవాళ్లకేనా?

"గొంతు పెంచి మాట్లాడండి. మీటింగులో వెనక వరుసలో కూర్చోకండి. ప్రమోషన్ కావాలంటే అడిగి తీసుకోండి." ఆడవాళ్లను పై పదవుల్లోకి తీసుకొస్తామంటూ పెట్టే ఏ శిక్షణ తరగతిలోనైనా ఇవే మాటలు. మనం శ్రద్ధగా రాసుకుంటాం, గ్రూప్ ఫోటో దిగుతాం, సర్టిఫికెట్ పట్టుకుని బయటికొస్తాం. పదవి ఎవరికివ్వాలో తేల్చే గదిలో కూర్చునే పెద్దమనుషులు మాత్రం ఏ తరగతికీ రారు. వాళ్లకి నేర్పాల్సింది ఏమీ లేదట, లోపమంతా మనలోనే ఉందట. నాకు ఒళ్లు మండేది అక్కడే.

అమెరికాలో అతిపెద్ద కంపెనీల జాబితా ఫార్చ్యూన్ 500లో ఉన్న సీఈఓల్లో ఆడవాళ్లు ఇప్పటికీ పదింట ఒకరు. దాని గురించి ఏటా పేపర్లు వాపోతాయి. కానీ తేడా మొదలయ్యేది అంత ఎత్తున కాదు, అట్టడుగు మెట్టు దగ్గర. అమెరికా కంపెనీల మీద మెకిన్సీ, లీన్‌ఇన్ సంస్థలు కలిసి 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మొదటిసారి మేనేజర్‌గా ప్రమోషన్ వచ్చిన మగవాళ్లు 100 మంది అయితే ఆడవాళ్లు 81 మంది. అక్కడే అంతమంది ఆగిపోతే పై మెట్టుకి ఎంచుకోవడానికి మిగిలేదే తక్కువ. అప్పుడు "అర్హత ఉన్న ఆడవాళ్లు దొరకడం లేదండీ" అని దీర్ఘం తీస్తారు.

మొదటి మెట్టు దగ్గరే ఎందుకిలా? ఆ వయసులో టీమ్‌ను నడిపిన అనుభవం ఎవరికీ ఉండదు, కాబట్టి ఎంపికంతా అంచనా మీదే. అబ్బాయి అయితే "కుర్రాడు చురుగ్గా ఉన్నాడు, ఇస్తే నేర్చుకుంటాడు" అంటారు. అమ్మాయి అయితే "బాగా చేస్తుంది, ఇంకో ఏడాది చూద్దాం" అంటారు. ఇలాంటి చర్చల్లో నేనూ కూర్చున్నాను. ఎవరూ పగబట్టి అనరు. అబ్బాయికి ముందుముందు ఏం చేస్తాడో చూసి మార్కులేస్తారు, అమ్మాయికి ఇప్పటిదాకా ఏం చేసిందో చూసి వేస్తారు, అంతే. పెళ్లి, పిల్లలు అన్న మాట ఎవరి నోటా రాదు. అందరి బుర్రలోనూ అదే తిరుగుతుంటుంది.

అసలు మా రంగంలో ఆడవాళ్లే లేరు కదా అనేవాళ్లు ఆరోగ్య రంగం వైపు చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ఇది: ప్రపంచవ్యాప్తంగా ఆరోగ్య, సామాజిక సేవల సిబ్బందిలో 70 శాతం మహిళలు, పై పదవుల్లో 25 శాతం. నూటికి డెబ్బై మంది ఉన్నచోట దొరకట్లేదంటే వెతికేవాళ్ల కళ్లకే పరీక్ష చేయించాలి.

ఇక మెరిట్ సంగతి. ఐక్యరాజ్యసమితి పుట్టింది 1945లో. ఇప్పటిదాకా తొమ్మిది మంది ప్రధాన కార్యదర్శులు, తొమ్మిది మందీ మగవాళ్లే. 2016 ఎంపికలో 13 మంది పోటీపడ్డారు, అందులో ఏడుగురు ఆడవాళ్లు. న్యూజిలాండ్‌కి తొమ్మిదేళ్లు ప్రధానిగా చేసిన హెలెన్ క్లార్క్, అప్పటి యునెస్కో అధిపతి ఇరినా బొకోవా, పారిస్ వాతావరణ ఒప్పందం వెనక నిలబడి పనిచేసిన క్రిస్టియానా ఫిగెరెస్ వాళ్లలో ఉన్నారు. గుటెరస్‌ని ఎంచుకున్నారు. ఆయన అసమర్థుడని నేననను, పోర్చుగల్ ప్రధానిగానూ, పదేళ్లు శరణార్థుల సంస్థ అధిపతిగానూ చేసిన మనిషి. కానీ వరసగా తొమ్మిదిసార్లూ మెరిట్ ఒకే వైపు మొగ్గిందంటే ఆ తక్కెడ మీద నాకు నమ్మకం లేదు.

మరి ఏం చేస్తే కదిలింది? నార్వే 2003లో చట్టం చేసింది. కంపెనీ బోర్డుల్లో ఆడ, మగ ఏ వర్గమూ 40 శాతానికి తగ్గకూడదు. పాటించని పబ్లిక్ లిమిటెడ్ కంపెనీని మూసేయించే వీలు కూడా ఉంది. చట్టానికి ముందు ఆ బోర్డుల్లో మహిళలు పది శాతం కూడా లేరు. అంతమంది ఎక్కడి నుంచి తెస్తామని యజమానులు గగ్గోలు పెట్టారు. 2008 గడువు దగ్గరపడేసరికి అందరూ దొరికారు! కంపెనీ మూతపడుతుందన్న టెన్షన్‌కి అంత మహిమ ఉంది మరి. అయితే కొన్ని కంపెనీలు ఆ చట్టం వర్తించని రకానికి మారిపోయి తప్పించుకున్నాయి. సీఈఓ కుర్చీలు దాదాపు అలాగే ఉండిపోయాయి. బోర్డుల్లో మార్పు కింది ఉద్యోగినుల జీతాల దాకా, ప్రమోషన్ల దాకా పెద్దగా దిగలేదని ఆర్థికవేత్తలు తర్వాత లెక్కతీశారు. కోటా రాసినచోట పనిచేసింది, రాయనిచోట చేయలేదు. అది కోటాను తిట్టడానికి కారణం కాదు, దాన్ని ఇంకా కిందికి దించడానికి కారణం.

మెక్సికో కథ నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే అక్కడ మోసం కూడా బాహాటంగా జరిగింది. అక్కడ పార్లమెంటు ఎన్నికల్లో ప్రతి అభ్యర్థికీ, గెలిచాక తప్పుకుంటే ఆ కుర్చీలో కూర్చోవడానికి ఒక ప్రత్యామ్నాయ అభ్యర్థి ఉంటారు. అభ్యర్థుల్లో మహిళల కోటా నింపడానికి పార్టీలు ఆడవాళ్లను నిలబెట్టి, ప్రత్యామ్నాయంగా మగవాళ్ల పేర్లు రాశాయి. 2009లో గెలిచిన మహిళా సభ్యుల్లో కొందరు సభ మొదలవుతుండగానే సెలవు పెట్టి తప్పుకున్నారు, వాళ్ల కుర్చీల్లో ఆ మగవాళ్లు వచ్చి కూర్చున్నారు. కొందరు స్వయానా భర్తలే. సిగ్గుపడి కోటా ఎత్తేశారా? లేదు. ప్రత్యామ్నాయ అభ్యర్థి కూడా మహిళే అయి ఉండాలని ఎన్నికల ట్రిబ్యునల్ 2011లో తేల్చింది. 2014లో అభ్యర్థుల్లో సగం సగం అని రాజ్యాంగంలోకే ఎక్కించారు. ఓడిపోయే సీట్లనే ఆడవాళ్లకు అంటగట్టే ఎత్తు కూడా వేయకుండా చట్టంలో నిషేధం పెట్టారు. 2019లో ఆ సమానత్వ నియమాన్ని మంత్రివర్గం, న్యాయవ్యవస్థ దాకా పొడిగించారు. 2024లో క్లౌడియా షీన్‌బామ్ దేశాధ్యక్షురాలయ్యారు, రెండో స్థానంలో వచ్చిన అభ్యర్థి కూడా మహిళే. ఇదంతా ఎవరికో ఆత్మవిశ్వాసం పెరిగి జరిగింది కాదు, దొంగదారులు ఒక్కొక్కటే మూసుకుంటూ వస్తే జరిగింది.

కుర్చీ దొరికాక కథ సుఖాంతం అనుకుంటే పొరపాటు. బోర్డుల్లో ఆడవాళ్లు ఎక్కువున్న కంపెనీల షేర్లు పడిపోతున్నాయని 2003లో ఒక బ్రిటిష్ పత్రిక రాసింది. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం నుంచి మిషెల్ రయాన్, అలెక్స్ హాస్లమ్ ఆ లెక్కల్ని తిరగేసి చూస్తే వరస తలకిందులుగా తేలింది. కంపెనీ అప్పటికే దిగజారుతున్నప్పుడే ఆడవాళ్లను పిలుస్తున్నారు. దానికి వాళ్లు గ్లాస్ క్లిఫ్, అంటే గాజు కొండ అంచు, అని పేరు పెట్టారు. ఐస్‌లాండ్‌లో పెద్ద బ్యాంకులన్నీ కూలాక 2009లో యోహన్నా సిగుర్దార్దొత్తిర్ ప్రధాని అయ్యారు. ఐరోపా సమాఖ్య నుంచి బయటికెళ్లాలని బ్రిటన్ వేసిన బ్రెగ్జిట్ ఓటు తర్వాత ఆ చిక్కుముడి కొత్త ప్రధాని థెరెసా మే చేతిలో పడింది. జనరల్ మోటార్స్ పగ్గాలు 2014 జనవరిలో మేరీ బారాకి ఇస్తే, కొన్ని వారాల్లోనే ఇగ్నిషన్ స్విచ్‌ల లోపం బయటపడి లక్షల కార్లు వెనక్కి పిలవాల్సొచ్చింది. ఆ లోపం ఆమె రాకముందు ఏళ్ల తరబడి ఉన్నదే. ఇలాంటి చోట మగవాడు ఓడితే పరిస్థితులు అనుకూలించలేదంటారు, ఆడమనిషి ఓడితే ఆడవాళ్ల వల్ల కాదంటారు.

ఒక మహిళ పైకెళ్తే మిగతావాళ్లను లాక్కెళ్తుందన్న ఆశ కూడా పెట్టుకోకండి. బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ పదకొండేళ్ల పాలనలో క్యాబినెట్‌లోకి తీసుకున్న మహిళ ఒక్కరే. (అలాగని దానికి ఆమెనే దోషిని చెయ్యడం నాకు నచ్చదు. సాటి మగవాళ్లకు ఏం చేశావని ఏ మగ ప్రధానిని ఎవరు అడిగారు?)

చివరికి అందరూ పక్కకు నెట్టేసే విషయం ఇల్లు. 2023లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ ఏళ్లుగా చెబుతున్నది ఇదే: రాత్రీ పగలూ ఎప్పుడు పిలిచినా వచ్చేవాళ్లకే ఉద్యోగాలు ఎక్కువ డబ్బు, ఎక్కువ హోదా ఇస్తాయి. ఇంట్లో బిడ్డకు జ్వరమొస్తే పరిగెత్తేది ఒక్కరే అయినంత కాలం ఆ మనిషికి పై పదవి రాదు. అందుకే నన్నడిగితే తండ్రుల సెలవు కూడా ఆడవాళ్ల నాయకత్వ పథకమే.

జపాన్‌ని చూడండి. తండ్రికి ఏడాది దాకా సెలవు తీసుకునే హక్కు చట్టంలో ఎప్పటినుంచో ఉంది. 2015 ప్రాంతంలో వాడుకున్నవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు, బాస్ ఏమనుకుంటాడోనన్న భయం. 2022 నుంచి రూలు మార్చారు. బిడ్డ పుట్టబోతోందని తెలిస్తే, సెలవు కావాలా అని కంపెనీయే ఆ తండ్రిని అడగాలి. 2023 నుంచి వెయ్యిమందికి పైగా పనిచేసే కంపెనీలు ఎంతమంది తీసుకున్నారో ఏటా బయటపెట్టాల్సొచ్చింది. 2023కల్లా ఆ సంఖ్య 30 శాతానికి చేరింది. ప్రమోషన్లకీ ఇదే రూలు పెట్టమంటాను. అడుక్కునే భారం ఉద్యోగిని మీద వద్దు. అర్హత వచ్చిన ప్రతి ఒక్కరి పేరూ కంపెనీయే బల్ల మీద పెట్టాలి, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో సంతకం పెట్టి రాయాలి, మొదటి మేనేజర్ మెట్టు ఎక్కినవాళ్లలో ఆడవాళ్లెందరో ఏటా ప్రకటించాలి. దీనికి ఖర్చు కూడా పెద్దగా ఉండదు, ఆ శిక్షణ తరగతుల బడ్జెట్‌లో సగం చాలు.