చొక్కా రంగును బట్టి న్యాయమా?

ఘానా ఆటగాడు థామస్ పార్టే కేసు సంగతి ఫుట్‌బాల్ చూసే పాఠకులకు మళ్ళీ చెప్పనక్కర్లేదు. లండన్ క్లబ్బు ఆర్సెనల్‌తో ఆయన ఒప్పందం 2025 జూన్ నెలాఖరుకు ముగిసింది. జులై 4న లండన్ పోలీసులు ఆయనపై అత్యాచారం, లైంగిక దాడి అభియోగాలు మోపారు. ఆగస్టులో స్పెయిన్ క్లబ్బు విల్లారియల్ ఆయనను తీసుకుంది. తాను ఏ నేరమూ చేయలేదని సెప్టెంబరులో ఆయన కోర్టులో చెప్పారు. అందులో నిజమెంతో తేల్చాల్సింది లండన్‌లోని సదర్క్ క్రౌన్ కోర్టు. ఆ పని మేము చేయబోవడం లేదు.

మా బాధ విశాఖపట్నం గురించి.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఇసుక మీద బంతి తన్నే కుర్రాళ్ళను చూస్తే ముచ్చటేస్తుంది. ఒకడి ఒంటి మీద ఎర్ర చొక్కా, ఇంకొకడికి తెల్లది, మరొకడికి నీలం. లండన్, మాంచెస్టర్ క్లబ్బుల ఆటగాళ్ళ పేర్లు వీపుల మీద మోసుకుని తిరుగుతున్న పిల్లలు వీళ్ళు. మద్దిలపాలెం హాస్టల్ గదుల్లో, ఎంవీపీ కాలనీ మేడల మీద అర్ధరాత్రి దాటాక కూడా మేలుకుని మ్యాచ్‌లు చూస్తారు. ఆ అభిమానం మీద మాకు గౌరవం ఉంది. కానీ ఆ కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఈ కేసు గురించి నడిచిన సంభాషణలను కొందరు పాఠకులు మాకు పంపారు. చదువుతుంటే కడుపు రగిలిపోయింది. ఫిర్యాదు చేసిన స్త్రీలను అనరాని మాటలన్నారు. డబ్బు కోసం ఆడిన నాటకమని తేల్చేశారు. ఒక అమ్మాయి ఫొటో పెట్టి, ‘కేసు పెట్టింది ఈమే’ అని రాశారు. ఆ అమ్మాయి ఎవరో ఆ ఫొటో పెట్టినవాడికే తెలియదు. అయినా అది గ్రూపు నుంచి గ్రూపుకు పాకిపోయింది.

ఆ మాటలన్నవాళ్ళు ఆర్సెనల్ చొక్కా వాళ్ళు. మరి ఇదే ఆర్సెనల్ చొక్కా వాళ్ళు మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు మేసన్ గ్రీన్‌వుడ్ 2022 జనవరిలో అత్యాచారం అనుమానంతో అరెస్టయినప్పుడు ఏమన్నారు? ఆ రోజే ఉరి తీయాలన్నారు. అప్పుడు విచారణ గుర్తుకు రాలేదు, ‘నేరం రుజువయ్యేదాకా నిర్దోషే’ అన్న మాట గుర్తుకు రాలేదు. ముఖ్య సాక్షులు వెనక్కి తగ్గడం, కొత్త ఆధారాలు బయటపడటంతో 2023 ఫిబ్రవరిలో ప్రాసిక్యూషన్ ఆ కేసును వదిలేసింది. అప్పుడు యునైటెడ్ అభిమానులు ‘చూశారా, మేం చెప్పలేదూ’ అన్నారు. ఆ యునైటెడ్ వాళ్ళే ఇవాళ పార్టే దోషి అని తీర్పు చదువుతున్నారు. నాడు యునైటెడ్ వాళ్ళ నోట ఉన్న వాదన నేడు ఆర్సెనల్ వాళ్ళ నోట ఉంది. మారింది చొక్కా ఒక్కటే.

ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం అంటే ఇదే.

అభిమానం అంటేనే పక్షపాతమని, కుర్రాళ్ళ కబుర్లను ఇంత పట్టించుకోవడం ఎందుకని కొందరు పెద్దలు మాతో అన్నారు. రిఫరీ ఇచ్చిన పెనాల్టీ గురించి పక్షపాతం చూపితే ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ పోతున్నది మనుషుల పరువు, ప్రాణం.

ఇది విశాఖ కుర్రాళ్ళకు మాత్రమే పట్టిన జబ్బు కాదన్నదీ నిజమే. 2025 సెప్టెంబరు 16న లండన్‌లో అక్కడి క్లబ్బు టోటెన్‌హామ్‌తో విల్లారియల్ ఆడిన చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లో పార్టే సబ్‌స్టిట్యూట్‌గా మైదానంలోకి దిగితే స్టేడియం గోలపెట్టి ఎగతాళి చేసింది.  ఫిర్యాదుదారుల మీద జాలితో అరిచినవాళ్ళు ఆ జనంలో ఉండే ఉంటారు. కానీ టోటెన్‌హామ్‌కు ఆర్సెనల్ ఎంత బద్ధశత్రువో తెలిసినవాళ్ళెవరూ ఆ అరుపులన్నీ న్యాయం కోసమే అని నమ్మరు. పార్టే అంతకుముందు ఆడింది టోటెన్‌హామ్‌కే అయితే ఆ జనం ఏం చేసి ఉండేది? ఈ ప్రశ్న వేసుకోని అభిమాని తాను న్యాయం పక్షాన ఉన్నానని చెప్పుకోకూడదు.

క్లబ్బులు ఇంతకంటే మెరుగ్గా ఉన్నాయా అంటే అదీ లేదు. 2016 జులైలో స్పెయిన్ కోర్టు పన్ను ఎగవేత కేసులో లియొనెల్ మెస్సీని దోషిగా తేల్చి 21 నెలల శిక్ష వేసింది. ఎగ్గొట్టిన మొత్తం 41 లక్షల యూరోలు. తీర్పు వచ్చిన కొద్ది రోజులకే, అప్పట్లో ఆయన ఆడుతున్న బార్సిలోనా క్లబ్బు ‘మనమంతా మెస్సీయే’ అంటూ ప్రచారం మొదలుపెట్టి, రెండు అరచేతులూ తెరిచి ఫొటోలు పెట్టమని అభిమానులను కోరింది. 2017లో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయం చేసింది. తర్వాత జైలు బదులు జరిమానా పడింది. దోషిగా తేలినవాడి కోసం చేతులెత్తమని క్లబ్బే అడిగితే, అభియోగం మాత్రమే ఉన్నవాడి కోసం అభిమాని నోరు పారేసుకోవడంలో వింతేముంది? బ్రెజిల్ ఆటగాడు రాబిన్యో సంగతి ఇంకా ఘోరం. సామూహిక అత్యాచారం కేసులో 2017లోనే ఇటలీ కోర్టు ఆయనకు 9 ఏళ్ళ శిక్ష వేసింది. అది తెలిసీ 2020లో బ్రెజిల్ క్లబ్బు శాంతోస్ ఆయనతో ఒప్పందం చేసుకుంది. స్పాన్సర్లు కన్నెర్ర చేశాకే వెనక్కి తగ్గింది. ఆయన జైలు గడప తొక్కింది 2024 మార్చిలో.

తొందరపడి దోషి అన్నవాళ్ళకూ ఒక మాట. లైంగిక దాడి కేసులో బ్రెజిల్ ఆటగాడు డానీ అల్వెస్‌కు 2024 ఫిబ్రవరిలో బార్సిలోనా కోర్టు నాలుగున్నరేళ్ళ శిక్ష వేస్తే, 2025 మార్చిలో కేటలోనియా హైకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టులే ఒకదాని తీర్పును ఇంకొకటి తిరగరాస్తున్నప్పుడు, సెల్‌ఫోను చేతిలో ఉన్నవాడికి అంత ధీమా ఎక్కడి నుంచి వస్తోంది?

అన్నిటికంటే మన కుర్రాళ్ళు తెలుసుకోవాల్సింది చెడ్ ఎవాన్స్ కేసు. ఇంగ్లండ్ క్లబ్బు షెఫీల్డ్ యునైటెడ్ ఆటగాడైన ఎవాన్స్‌ను 2012లో అత్యాచారం కేసులో దోషిగా తేల్చారు. వెంటనే ఆయన్ను వెనకేసుకొచ్చినవాళ్ళు ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు ట్విటర్‌లో, ఫేస్‌బుక్‌లో బయటపెట్టారు. తొమ్మిది మంది కోర్టులో నేరం ఒప్పుకున్నారు. ఒక్కొక్కరూ ఆమెకు 624 పౌండ్లు చెల్లించాల్సి వచ్చింది. 2016లో ఆ శిక్ష రద్దయింది, మళ్ళీ జరిగిన విచారణలో ఎవాన్స్ నిర్దోషిగా బయటపడ్డారు. అయితే ఆ తొమ్మిది మంది చేసింది ఒప్పయిపోయిందా? లేదు. ఆటగాడు దోషా కాదా అన్నది ఒక లెక్క, ఆమె పేరు బజారుకెక్కించడం వేరే లెక్క. రెండో దానికి మొదటి దాని ఫలితంతో పని లేదు. ఫిర్యాదు చేసిన స్త్రీకి బ్రిటన్ చట్టం బతికున్నంతకాలం గోప్యత ఇచ్చింది.

మన చట్టం కూడా తక్కువేం కాదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం అత్యాచార బాధితురాలి పేరు గానీ, ఆమె ఎవరో తెలిసిపోయే వివరం గానీ ప్రచురిస్తే రెండేళ్ళ దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో ఇదే 228-ఏ. పేరు రాయకపోయినా ఊరు, చదువు, కుటుంబం లాంటి వివరాలతో ఆనవాలు పట్టించడం కూడా తప్పేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రేపు ఇలాంటి కేసు మన పోర్టు స్టేడియంలో ఆడే ఆటగాడి మీదే వస్తే? ఫొటోలు తిప్పే అలవాటు ఇవాళే పడిపోయింది కదా. లండన్ అమ్మాయి మీద చేయి తిరిగినవాడు గాజువాక అమ్మాయి దగ్గర ఆగుతాడని మేము నమ్మం.

మరో విషయం, ఇది మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది. ఆ గ్రూపుల్లో ఆడపిల్లలూ ఉన్నారు. ఆట చూసేవాళ్ళూ, ఆడేవాళ్ళూ. వాళ్ళు ఏమీ రాయలేదు, కానీ అన్నీ చదివారు. 2022లో మన అండర్-17 అమ్మాయిల జట్టు ఐరోపా పర్యటనలో ఉండగా, లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణల మీద సహాయ కోచ్‌ను అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తొలగించింది. ఒక పిల్ల ధైర్యం చేసి నోరు విప్పితేనే అది బయటికొస్తుంది. విశాఖలో రేపు ఏ కోచ్ అయినా, ఏ సీనియర్ అయినా హద్దు మీరితే, తన జట్టు అన్నయ్యలు ఆ గ్రూపులో ఏం రాశారో గుర్తొచ్చిన అమ్మాయి ఎవరికి చెప్పుకుంటుంది? ‘డబ్బు కోసం నాటకం’ అన్నవాళ్ళకా?

పార్టేకు న్యాయమైన విచారణ కావాలని కోరే అభిమానితో మాకు పేచీ లేదు. ఆ కోరిక గ్రీన్‌వుడ్‌కూ వర్తించాలి, నచ్చని జట్టు ఆటగాడికీ వర్తించాలి, ఫిర్యాదు చేసిన మనిషికీ వర్తించాలి. ‘రుజువయ్యేదాకా ఆగండి’ అని పార్టే కోసం అడిగే నోరే ఆ స్త్రీలు అబద్ధాలకోరులని ఏ రుజువూ లేకుండా ఎలా ప్రకటిస్తుంది? రుజువు కావాలంటే రెండు వైపులా కావాలి. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు, ఎర్ర చొక్కా, తెల్ల చొక్కా, నీలం చొక్కా అన్నిటికీ ఆ నలుపు ఉంది.

గ్రూపులు నడిపే అడ్మిన్లలో చాలామంది డిగ్రీ చదువుతున్నవాళ్ళు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు. ఆటగాడి బదిలీ వార్త తప్పైతే నిమిషంలో తొలగిస్తారు. ఆఫ్‌సైడ్ మీద తప్పు మాట్లాడితే గ్రూపు నుంచి బయటికి పంపేస్తారు. ముక్కూ మొహం తెలియని ఒక అమ్మాయి ఫొటో మాత్రం మీకు అడ్డం రాలేదు. మేము ఈ నాలుగు మాటలు రాసే సమయానికి అది అక్కడే ఉంది. ముందు దాన్ని తీసేయండి.