కోళ్లకు భవంతి, తలుపుకు పురికొస

మా కాలనీలో ఇప్పుడు పెరటి కోళ్ల ఫ్యాషన్ నడుస్తోంది. మంచిదే. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసిందే పెరట్లో పెంచుకోమని. తంటా అంతా వాటికి కట్టే గూళ్లతోనే.

మొన్న ఒక గూటి గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను. టేకు చెక్క, పెంకుల కప్పు, నీలం కిటికీలు, వాటికి పూల కర్టెన్లు. పంతులుగారు గోత్రం అడిగితే యజమాని మొహమాటపడి తన గోత్రమే చెప్పాడు. పాలు పొంగించారు. ముందు పెట్టా, పుంజా అని పెద్దావిడలు కాసేపు వాదించుకుని పెట్టకే ఓటేశారు. అది కుడికాలు పెట్టే శుభఘడియలో అక్షింతల పళ్లెం చూసి వెనక్కి తిరిగింది. దాన్ని పట్టుకోవడానికి బావమరిది పట్టుపంచె ఎగ్గట్టి గులాబీ కుండీల మధ్య పరుగెత్తాడు, వీడియోవాడు అతని వెనక. చివరికి దిష్టికి బూడిద గుమ్మడికాయ వేలాడదీసి, తలుపుకు పురికొస ముడేశారు.

అవును, పురికొస. కిటికీలకేమో ఆరుపలకల పల్చటి జాలీ. అది కోడిని లోపల ఆపుతుంది గానీ, కుక్క పళ్లతో పట్టి లాగితే విడిపోతుంది. అరంగుళం కన్నాల వెల్డెడ్ మెష్ వేసి, వాషర్లతో స్క్రూలు బిగించి, అడుగు లోతున నేలలోకి దించితే తవ్వుకొచ్చే ముంగిస కూడా ఆగుతుంది. దానికి బడ్జెట్ లేదట. కర్టెన్లకు ఉంది. ఇక ముందున్న దొడ్డికి పైకప్పే లేదు, గద్దకు విస్తరి వేసినట్టు.

వారం తిరక్కుండానే బావురుపిల్లి వచ్చింది. చీకటి పడితే కోడికి చూపు ఆనదు. వాలుకర్ర మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉంటుంది, పారిపోదు. పొద్దున చూస్తే ఒకదాన్ని తినేసింది, మిగతావాటి మెడలు కొరికి పడేసింది. రాత్రి అరుపులు వినపడ్డాయట, ఏసీ గదిలోంచి లేవబుద్ధి కాలేదట. పైగా ‘రాసిపెట్టి ఉంది’ అంటున్నాడు. ఎవరు రాశారయ్యా? ఒక ఇనుప గడియ కొనకుండా నువ్వే రాశావు! ఇప్పుడు పిల్లికి విషం పెడతాడట. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. నిన్ను నమ్మి గూట్లోకొచ్చిన ప్రాణాన్ని పురికొసకు వదిలేస్తే మాత్రం ఏ సెక్షనూ అడగదు.

గోదావరి జిల్లాల్లో సంక్రాంతి పుంజుకు బాదం, జీడిపప్పు, రాత్రంతా కాపలా మనిషి. కత్తికి పోయేదానికి కాపలా, గుడ్లు పెట్టేదానికి ఈ గతి. చదువు రాని మా నాయనమ్మ కూడా కోళ్లను గంప కింద మూసి, పైన బండ పెట్టాకే పడుకునేది.

ఆదివారం ఆయన సంతకెళ్లి మళ్లీ కోళ్లు తెచ్చాడు. గూటికి ఈసారి సీసీ కెమెరా పెట్టిస్తున్నాడు. రాత్రిపూట కూడా పిల్లి రంగుల్లో కనిపిస్తుందట.